255 వచ్చిన రాత్రి

తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు. మా ఫీల్డ్ కుర్రాడు విజయవాడలో ర్యాక్ ముందు నిలబడి రెండో కేబుల్ మారుస్తున్నాడు. "అన్నా, లైట్ పచ్చగానే వెలుగుతోంది. అయినా మార్చమంటావా?" అని ఫోన్‌లో అడిగాడు. మార్చమన్నాను. గుంటూరు ఆఫీసులో నా స్క్రీన్ మీద అదే మాట మూడోసారి వచ్చింది: సర్వర్‌తో కనెక్షన్ తెగింది, 10 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తున్నాను.

ఆ మాట నా స్క్రిప్ట్‌లో నేను రాసుకున్నదే. ఆ రాత్రి కనెక్షన్ ఒక్కసారి కూడా దానంతటది తెగలేదు.

ఇది 2019 జనవరి సంగతి. నెట్‌వర్క్ పని నేర్చుకుంటున్న పిల్లలు ఈ మధ్య నన్ను బ్యాచ్ ఫైళ్ల గురించి అడుగుతున్నారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను.

మాది గుంటూరు చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థ. మా ప్రధాన రూటర్ ఒక లైనక్స్ సర్వర్. ఒక్కో ఊరికి ఒక్కో వీలాన్ (ఒకే కేబుల్ మీద నంబరుతో వేరు చేసిన నెట్‌వర్క్), దానికో అడ్రస్, దాని వెనకాల ఉన్న నెట్‌వర్క్‌లకు రూట్లు, అంటే దారులు. అన్నీ కలిపి 640 లైన్ల ఫైల్. పాత సర్వర్ తీసేసి, విజయవాడలో అద్దెకు తీసుకున్న ర్యాక్‌లో కొత్తది పెట్టాం. రాత్రి 1 నుంచి 4 వరకు టైమ్ తీసుకున్నాం. ఒంటిగంటా పావుకి అన్ని వీలాన్లూ కలిసి వచ్చే ట్రంక్ కేబుల్ కొత్త సర్వర్‌కి మార్చేశాం. అంటే ఆ క్షణం నుంచి కొత్తదాని మీద కాన్ఫిగరేషన్ ఎక్కేదాకా ఏ ఊరికీ నెట్ లేదు. తెనాలిలో ఒక ఆస్పత్రి మా కస్టమర్. పొద్దున 5 గంటలకు వాళ్ల ల్యాబ్ మొదలవుతుంది. నా టెన్షన్ అంతా దాని గురించే.

తెలియనివాళ్ల కోసం బ్యాచ్ సంగతి కాస్త చెబుతాను. లైనక్స్‌లో నెట్‌వర్క్ పనులకు వాడే ఐపీ కమాండ్‌కి బ్యాచ్ అనే ఆప్షన్ ఉంది. లైనుకొక ఆదేశం రాసిన ఫైల్ ఇస్తే, 640 సార్లు కమాండ్ పిలవకుండా ఒకే ప్రాసెస్ వరసగా అన్నీ చేసుకుంటూ పోతుంది. ఏదైనా లైను ఫెయిలైతే ఫైల్ పేరు, లైను నంబరు చెప్పి అక్కడే ఆగుతుంది. పక్కన ఫోర్స్ అని పెడితే ఆగదు, ఎర్రర్ చెప్పి తర్వాతి లైనుకు వెళ్తుంది. మధ్యలో ఎన్ని ఫెయిలైనా చివరిదాకా వెళ్లి, ఆఖర్న ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే నంబరు, సున్నా అంటే అంతా బాగున్నట్టు) మాత్రం సున్నా కాకుండా ఇస్తుంది. మాన్యువల్‌లో ఉన్నది ఇంతే. నేనూ ఇంతే అనుకున్నాను.

మా స్క్రిప్ట్‌లో ఫోర్స్ ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. ఫైల్‌లో రెండు రూట్లు కొత్తగా చేర్చి మళ్లీ నడిపితే, ముందే ఉన్న రూట్లన్నిటికీ "ఫైల్ ఎగ్జిస్ట్స్", అంటే ముందే ఉంది అని, లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ జవాబిస్తుంది. ఫోర్స్ లేకపోతే మొదటి లైనులోనే ఆగిపోతుంది. అందుకని ఫోర్స్ పెట్టాను. పెట్టాక స్క్రీన్ నిండా వందల ఫైల్ ఎగ్జిస్ట్స్. అది చూసి చూసి విసుగొచ్చి, ఒకరోజు ఆ ఎర్రర్ల ప్రవాహం మొత్తాన్ని డెవ్ నల్‌లోకి, అంటే లైనక్స్ చెత్తబుట్టలోకి మళ్లించాను. స్క్రీన్ శుభ్రంగా కనిపించింది. రెండేళ్లు అలాగే నడిచింది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరపు సర్వర్ మీద ఆదేశం నడిపితే, ఆ ఆదేశం ఎగ్జిట్ కోడ్ ఎంతో అదే మనకు తెచ్చి ఇస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ తానే విఫలమైతే, అంటే కనెక్షన్ కుదరకపోతే, 255 ఇస్తుంది. మా మారుమూల లైన్లు అప్పుడప్పుడూ పడిపోయేవి కాబట్టి స్క్రిప్ట్‌లో ఒక నియమం రాశాను: 255 వస్తే కనెక్షన్ తెగినట్టు, ఆగి మళ్లీ ప్రయత్నించు. 1 వస్తే అవన్నీ ఫైల్ ఎగ్జిస్ట్స్‌లే, పట్టించుకోకు. ఆ రెండో నియమం ఎంత తప్పో అదే రాత్రి గంట తర్వాత తెలిసింది.

కొత్త సర్వర్ కదా అని ఒక చిన్న మార్పు చేశాను. పాతదాంట్లో వీలాన్లకు నంబర్లే పేర్లు. 110 అంటే ఏ ఊరో ఫైల్ తెరిచి చూసుకోవాలి. ఈసారి చూడగానే తెలియాలని ఊరి పేర్లు పెట్టాను, ముందు వీలాన్ అన్న నాలుగు ఇంగ్లీష్ అక్షరాలు, ఒక గీత, తర్వాత ఊరు. బాపట్ల, చేబ్రోలు, మంగళగిరి, పొన్నూరు, ప్రత్తిపాడు, సత్తెనపల్లి, తెనాలి, ఇలా ఇంగ్లీష్ అక్షరక్రమంలో.

స్క్రిప్ట్ నడిపితే 255. మళ్లీ 255. కుర్రాడికి ఫోన్ చేశాను. పాపం నిద్రలోంచి లేచి, చలిలో బండి మీద వచ్చాడు. మేనేజ్‌మెంట్ పోర్ట్ కేబుల్ మార్చాడు. స్విచ్‌లో ఇంకో పోర్ట్‌కి మార్చాడు. మళ్లీ 255.

ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్క విండోలో ఆ సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని పదేపదే అడిగే ఆదేశం) పెట్టి ఉంచాను. అలవాటుగా పెట్టాను గానీ చూడలేదు. రెండున్నర దాటాక దాన్ని పైకి జరుపుతూ చదివితే, అతను కేబుల్ తీసి పెట్టిన ఆ కొద్ది సెకన్లు రెండుసార్లు తప్ప ఒక్క పింగ్ కూడా పోలేదు. స్క్రిప్టేమో కనెక్షన్ లేదంటోంది, పింగేమో ఉందంటోంది. రెండూ నిజం కాలేవు. స్క్రిప్ట్ పక్కన పెట్టి, అదే ఆదేశాన్ని చేత్తో టైప్ చేశాను. డెవ్ నల్ లేకుండా.

ముందు బాపట్ల, చేబ్రోలు లైన్లకు ఫైల్ ఎగ్జిస్ట్స్, ఎందుకంటే మొదటి ప్రయత్నంలోనే అవి ఎక్కేశాయి. తర్వాత ఒకే ఒక్క లైను: మంగళగిరి వీలాన్ పేరు చెల్లదు. అంతే, ఆదేశం ముగిసి ప్రాంప్ట్ వచ్చేసింది. లైను నంబరు లేదు. ఫోర్స్ ఉన్నా తర్వాతి లైనుకు పోలేదు.

లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరుకి (వీలాన్ కూడా ఒక ఇంటర్‌ఫేసే) 16 బైట్ల చోటు ఉంటుంది. చివరి బైటు ముగింపు గుర్తుకు పోతే మిగిలేవి 15 అక్షరాలు. మంగళగిరిని ఇంగ్లీష్‌లో రాస్తే 11 అక్షరాలు. ముందు వీలాన్, గీత కలిపి 5. మొత్తం 16. ఒక్క అక్షరం ఎక్కువ. ప్రత్తిపాడు సరిగ్గా 15తో బయటపడేది. సత్తెనపల్లి 17, ఎలాగూ పడేదే. కానీ అంతదూరం పోనేలేదు. ఫైల్‌లో మంగళగిరి కింద ఉన్న ఊళ్లు, వాటి కింద ఉన్న రూట్లు ఒక్కటీ ఎక్కలేదు.

మరి ఫోర్స్ ఏమైంది? తర్వాతి వారం ఆ టూల్ సోర్స్ కోడ్ తెరిచి చూశాక అర్థమైంది. బ్యాచ్‌లో ఎర్రర్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, ఆదేశం కెర్నల్ దాకా వెళ్లి కెర్నల్ కాదన్నది. అప్పుడు ఆ ఫంక్షన్ విఫలమయ్యానని వెనక్కి చెబుతుంది, బ్యాచ్ నడిపే లూప్ లైను నంబరు ముద్రిస్తుంది, ఫోర్స్ ఉంటే ముందుకెళ్తుంది. రెండోది, ఆదేశం చదువుతున్నప్పుడే టూల్‌కి అందులో తప్పు కనిపించడం. పేరు పొడుగైంది, ఒక పదం తక్కువైంది, అడ్రస్‌లో 300 అని ఉంది, ఇలాంటివి. చాలాచోట్ల ఈ దారిలో కోడ్ లూప్ దాకా తిరిగి రాదు. మెసేజ్ రాసి ప్రాసెస్‌ని అక్కడికక్కడే ముగించేస్తుంది. చేత్తో ఒక్క ఆదేశం టైప్ చేసే మనిషికి అది సరైన పనే. 640 లైన్ల మధ్యలో జరిగితే మిగిలిన ఫైల్ మొత్తం మాయం.

పైగా పేరు చెల్లనప్పుడు ముగిస్తూ ఇచ్చే కోడ్ మైనస్ 1. ఎగ్జిట్ కోడ్‌కి ఉండేది 8 బిట్లే, అంటే 0 నుంచి 255 వరకే కాబట్టి, ఆదేశాలు నడిపే షెల్‌కి అది 255గా కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని నమ్మకంగా నాకు తెచ్చి ఇచ్చింది. నేను దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ సొంత 255 అనుకున్నాను. పేరులో ఒక్క అక్షరం ఎక్కువైనందుకు ఆ కుర్రాడు రెండుసార్లు కేబుల్ మార్చాడు.

సరే, కారణం దొరికింది. వీలాన్ అన్న నాలుగు అక్షరాలను రెండుకు తగ్గించాను. సత్తెనపల్లి కూడా సరిగ్గా 15కి సరిపోయింది. ఫైల్ మొత్తం మార్చి మళ్లీ నడిపాను. ఈసారి ఎర్రర్లన్నీ కళ్లముందే పోతున్నాయి. మొదటి లైను, బాపట్ల: ఫైల్ ఎగ్జిస్ట్స్.

రెండేళ్ల అలవాటు కదా, కన్ను దాన్ని దాటేసింది. దాటేశాక ఆగింది. కొత్త పేరుతో బాపట్ల వీలాన్ ఇప్పుడే మొదటిసారి పుడుతోంది. ముందే ఉండటం ఏమిటి?

ఉన్నది పేరు కాదు, నంబరు. పాత పేరుతో ఎక్కిన బాపట్ల వీలాన్ ఇంకా సర్వర్‌లో ఉంది. ఒకే కార్డు మీద ఒకే వీలాన్ నంబరుతో రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉండకూడదు. అందుకని కెర్నల్ కొత్తదాన్ని ఒప్పుకోలేదు. కొత్త పేరుతో ఇంటర్‌ఫేస్ పుట్టలేదు. కింద దానికి అడ్రస్ ఇచ్చే లైను ఆ డివైస్ లేదంది. ఇంకా కింద ఆ అడ్రస్ మీద ఆధారపడ్డ రూట్లు నెట్‌వర్క్ అందుబాటులో లేదన్నాయి. చేబ్రోలుకీ అదే గొలుసు. ఇప్పటి కెర్నళ్లు ఇలాంటి చోట వీలాన్ డివైస్ ముందే ఉంది అని విడమరచి చెబుతున్నాయి. అప్పుడు మాకున్న కెర్నల్ పేరు ముందే ఉన్నా, నంబరు ముందే ఉన్నా ఒకటే మాట అంది. ఎర్రర్లు డెవ్ నల్‌లోకి పోతూనే ఉండి ఉంటే ఎగ్జిట్ కోడ్ 1 వచ్చేది, నా రెండో నియమం ప్రకారం స్క్రిప్ట్ పని పూర్తయిందని చెప్పేది, నేను ఇంటికెళ్లి పడుకునేవాణ్ణి. బాపట్ల, చేబ్రోలు పొద్దున ఫోన్లు చేసేవి.

పాత వీలాన్లు రెండూ తీసేసి, ఫోర్స్ కూడా తీసేసి, మొదటి నుంచి నడిపాను. 3 గంటల 20 నిమిషాలకు అన్ని ఊళ్లూ పింగ్ ఇచ్చాయి. కుర్రాడికి ఫోన్ చేసి ఇంటికెళ్లమన్నాను. "కేబులేనా అన్నా?" అన్నాడు. కాదు నాన్నా, తప్పు నాది అని చెప్పాను.

ఆ తర్వాత నెలపాటు ఆ స్క్రిప్ట్‌ని తిరగరాశాను. ఫోర్స్ ఒక్కటి తీసేస్తే సరిపోదు. మొదటి ఎర్రర్‌కే ఆగితే రూటర్ సగం కాన్ఫిగరేషన్‌తో నిలబడిపోతుంది. మనం ఆ రూటర్ గుండానే లోపలికి వచ్చి ఉంటే మన దారి కూడా ఆ సగంలో పోయి ఉండొచ్చు. ఆగడమూ ప్రమాదమే, ఆగకపోవడమూ ప్రమాదమే.

ఫైర్‌వాల్ పనిచేసేవాళ్లకు ఈ బాధ తక్కువ. లైనక్స్ ఫైర్‌వాల్ టూల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఫైల్ మొత్తం ఒకే లావాదేవీ. ఒక్క లైను తప్పినా ఏదీ ఎక్కదు, పాత నియమాలు పాతగానే ఉంటాయి. అమలు చేయకుండా తనిఖీ మాత్రమే చేసే ఆప్షన్ కూడా ఉంది. అంతకుముందు వచ్చిన ఐపీటేబుల్స్ రిస్టోర్‌లోనూ టేబుల్‌కొక కమిట్ ఉంటుంది, అక్కడిదాకా అంతా లేదా ఏమీ లేదు. ఐపీ బ్యాచ్‌లో అది లేదు. ఒకే ఫైల్‌లో ఉన్నా 640 లైన్లూ 640 వేర్వేరు ఆదేశాలే. ఎక్కినవి ఎక్కినట్టే ఉంటాయి.

నాకు బాగా నచ్చిన పద్ధతి మాత్రం ఫైళ్లు పంపే ఎస్‌ఎఫ్‌టీపీది. దాని బ్యాచ్‌లో ఏ ఆదేశం విఫలమైనా ఆగిపోతుంది, కానీ ఏదైనా లైను ముందు చిన్న గీత పెడితే ఆ ఒక్కదాని వైఫల్యాన్ని వదిలేస్తుంది. పాత ఫైల్ ఉంటే తీసెయ్, లేకపోతే పోనీ అన్నచోట గీత పెడతాం. అప్‌లోడ్ లైను ముందు పెట్టం. ఏ తప్పు పరవాలేదో లైను రాసేవాడికే తెలుసు కాబట్టి ఆ నిర్ణయం లైను దగ్గరే ఉంది. ఐపీలో ఫోర్స్ మొత్తం ఫైల్‌కి ఒకటే. బాపట్ల ఫైల్ ఎగ్జిస్ట్స్‌కీ, మామూలు ఫైల్ ఎగ్జిస్ట్స్‌కీ తేడా చెప్పుకునే చోటు లేదు.

అందుకని ఫైల్‌ని రెండు చేశాను. మొదటిదాంట్లో తీసేసే ఆదేశాలు మాత్రమే. దానికి ఫోర్స్ ఉంటుంది, లేనిదాన్ని తీసెయ్యబోతే వచ్చే ఎర్రర్ నిజంగా పరవాలేదు. వీలాన్ తీసేస్తే దాని అడ్రస్‌లు, రూట్లు దానితోపాటే పోతాయి కాబట్టి ఆ ఫైల్ చిన్నదే. రెండోది కట్టే ఫైల్. దానికి ఫోర్స్ లేదు. అడ్రస్‌లకు, రూట్లకు యాడ్ బదులు రీప్లేస్ రాశాను. లేకపోతే చేర్చు, ఉంటే మార్చు. ఇప్పుడు మళ్లీ నడిపినా ఫైల్ ఎగ్జిస్ట్స్ రాదు. వస్తే అది చదవాల్సిన ఎర్రర్.

రీప్లేస్‌కీ ఒక చిక్కుంది, అది నాకు వెంటనే తోచలేదు. ఒకే నెట్‌వర్క్‌కి ఫైల్‌లో పొరపాటున రెండు రూట్లు, రెండు వేర్వేరు గేట్‌వేలతో (ట్రాఫిక్‌ని అవతలికి పంపే రూటర్లతో) ఉన్నాయనుకోండి. యాడ్ అయితే రెండోదానికి ఫైల్ ఎగ్జిస్ట్స్ అని అభ్యంతరం చెప్పేది. రీప్లేస్ ఏమీ అనకుండా చివరిదాన్ని ఉంచుతుంది. అంటే నేను ఇన్నాళ్లూ డెవ్ నల్‌లోకి పంపిన ఫైల్ ఎగ్జిస్ట్స్‌లలో నిజమైనవి కూడా ఉండి ఉండొచ్చు. ఫైల్‌లోంచి నెట్‌వర్క్ నంబర్ల నిలువు వరసను తీసి, సార్ట్ చేసి, రెండుసార్లు వచ్చినవి చూశాను. రెండు దొరికాయి. ఒకటి తెనాలిది. పాత గేట్‌వే పైన, కొత్త గేట్‌వే కింద. కొత్త గేట్‌వే రాసిన రోజు నుంచి రూటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా ఆ నెట్‌వర్క్ పాత దారిలో పోయిందన్నమాట. ఆ లైను పక్కన కస్టమర్ ఫిర్యాదు తేదీ చూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇప్పుడు ఆ తనిఖీ లేకుండా ఫైల్ కదలదు.

255 గొడవకు మందు సులువే. ఫైల్‌ని ముందు అవతలి సర్వర్‌కి కాపీ చేస్తాం. అక్కడ చిన్న స్క్రిప్ట్ దాన్ని నడిపి, వచ్చిన కోడ్ ఎంతో ఒక లైనుగా రాసి పంపుతుంది. ఆ లైను నాకు చేరితే కనెక్షన్ బాగున్నట్టే, కోడ్ 255 అయినా సరే. చేరకపోతేనే కేబుల్ గురించి ఆలోచిస్తాం. కాపీ చేయడంలో ఇంకో లాభం కూడా ఉంది. కాపీ చేయకుండా పైపు ద్వారా నేరుగా పంపితే ఎర్రర్‌లో ఫైల్ పేరున్నచోట ఒక గీత మాత్రమే వస్తుంది, కాపీ చేస్తే అసలు పేరు వస్తుంది. పాస్‌వర్డ్ కోసం అర్ధరాత్రి ఆగిపోకుండా ఎస్‌ఎస్‌హెచ్‌కి బ్యాచ్‌మోడ్ ఆన్ చేస్తాం. వైల్ లూప్‌లో సర్వర్ల జాబితా చదివేవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ పెట్టడం మరవకండి. లేకపోతే మొదటి సర్వర్ దగ్గరే ఎస్‌ఎస్‌హెచ్ మిగిలిన జాబితానంతా మింగేస్తుంది, లూప్ ఏ ఎర్రర్ లేకుండా ముగుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది రిహార్సల్. లైనక్స్‌లో విడి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (అసలు నెట్‌వర్క్‌తో సంబంధం లేని వేరు గది లాంటిది) ఒకటి తెరిచి, అందులో అసలు కార్డు పేరుతోనే ఒక డమ్మీ ఇంటర్‌ఫేస్ పెట్టి, అసలు ఫైల్‌ని అక్కడ ఫోర్స్ లేకుండా నడుపుతాం. వీలాన్లు, అడ్రస్‌లు, రూట్లు అన్నీ అక్కడ నిజంగానే ఎక్కుతాయి, ట్రాఫిక్ మాత్రం ఉండదు. 16 అక్షరాల పేరు అక్కడే పడిపోతుంది, పగటిపూట, టీ తాగుతుండగా. అసలు సర్వర్ మీద నడిపేటప్పుడు 5 నిమిషాల టైమర్ కూడా పెడతాం. ఆలోగా నేను లోపలికి వచ్చి దాన్ని ఆపకపోతే పాత ఫైల్ తిరిగి ఎక్కుతుంది. జూనిపర్ రూటర్లలో కమిట్ కన్ఫర్మ్‌డ్ చేసేది ఇదే, దానికి మామూలుగా 10 నిమిషాలు. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై 120 సెకన్లు ఆగుతుంది.

పోయిన నెల ఆ ఫీల్డ్ కుర్రాడే, ఇప్పుడు ఆఫీసులో నా పక్క సీటు, మొదటిసారి సొంతంగా ఫైల్ రాశాడు. రిహార్సల్ 88వ లైనులో ఆగింది. నెట్‌వర్క్ అందుబాటులో లేదని ఎర్రర్. ఆ లైనుని పదిసార్లు చదివాడు. గేట్‌వే సరిగ్గానే ఉంది. "అన్నా, ఈ ఒక్కదానికి ఫోర్స్ పెట్టి ముందుకెళ్దామా? మిగిలినవన్నీ బాగానే ఉన్నాయేమో" అన్నాడు.

"ఆ గేట్‌వేకి పోవాలంటే మన వైపు ఏ అడ్రస్ ఉండాలి? అది ఏ లైనులో ఇచ్చావు?" అని మాత్రం అడిగాను.

ఫైల్‌లో పైకి వెళ్లాడు. 31వ లైను. అడ్రస్ రాశాడు గానీ, ఆ నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే /24 చివర మరిచిపోయాడు. అలా రాస్తే టూల్ దాన్ని /32గా తీసుకుంటుంది, అంటే ఆ ఒక్క అడ్రస్ తప్ప పక్కన ఎవరూ లేనట్టు. అది తప్పు కాదు కాబట్టి ఎర్రర్ రాలేదు. 57 లైన్ల తర్వాత గేట్‌వే కనిపించక రూట్ ఆగింది.

/24 చేర్చి, నేమ్‌స్పేస్ తీసేసి, కొత్తది తెరిచి మళ్లీ నడిపాడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. ఎగ్జిట్ కోడ్ ఎంతో అడక్కుండానే తనే చూశాడు. సున్నా.